పట్టుకునె

సాయంత్రం నాలుగూ ఇరవై.
ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు,
అనంతపురంలో మార్చి నెల అంతే.
బల్ల మీద ముందస్తు బెయిలు పిటిషను.
ముద్దాయిలు నలుగురు,
ఒక్కరూ నా ఎదుట లేరు.

చిత్రమైన పని ఇది.
చెయ్యి పడకముందే భుజాన్ని కాపాడమంటారు.
నేను చూసేది మనుషుల్ని కాదు,
మనుషుల గురించి రాసిన కాగితాల్ని.
సెక్షను నంబరు మొన్ననే మారింది.
నాలుగు వందల ముప్పై ఎనిమిదని నోరు జారితే
ప్లీడర్లు మర్యాదగా దగ్గుతారు.
అడిగేవాళ్ల భయం మాత్రం
ఇంకా పాత నంబరులోనే ఉంది.

నార్పల అవతల ఒక చీనీ తోట.
పక్క చేనికి పోయే డ్రిప్పు పైపు
రాత్రి ఎవరో కోసేశారు.
పొద్దున కాపు మీదున్న చెట్ల నడుమ
వన్నూరప్ప పార ఎత్తాడు.
ఎర్రిస్వామి తల ఎముక చిట్లింది.
సర్వజన ఆసుపత్రి డాక్టరు
గాయం పొడవు ఆరు సెంటీమీటర్లని రాశాడు,
లోతు రాసిన చోట సిరా అలికింది.

ఈ జిల్లా పేరు చెప్తే
కొడవళ్లు ఊహించుకుంటారు బయటివాళ్లు.
నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా
పారలు, స్టార్టరు పెట్టె మూతలు,
గేటువాల్వు తిప్పే ఇనప కడ్డీలు,
అన్నీ నీళ్ల కోసం కొన్నవే.

వన్నూరప్ప సంగతి కష్టం కాలేదు. కొట్టేశాను.
భార్య లింగమ్మ తిట్టిందట.
కొడుకు ఆ పూట తాడిపత్రిలో
డిగ్రీ పరీక్ష రాస్తున్నాడు, హాల్‌టికెట్టు జతచేశారు.
రేషను కార్డు చూసి రాసినట్టుంటాయి
మన ఎఫ్ఐఆర్లలో పేర్లు.
ఆ ఇద్దరికీ ఇచ్చాను.

మిగిలింది రెండో ముద్దాయి, బామ్మర్ది సుంకన్న.

ఆసుపత్రి మంచం మీద ఎర్రిస్వామి చెప్పింది
హెడ్డు కానిస్టేబులు ఉన్నదున్నట్టు రాశాడు:
"వన్నూరప్ప పారతో కొట్టె. సుంకన్న నన్ను పట్టుకునె."
పన్నెండు రోజులకి, రెండో వాంగ్మూలంలో
అవే చేతులు వెనక్కి విరిచి, కదలనీకుండా,
దెబ్బకు అనువుగా పట్టుకున్నాయి.
మాటకి కండలొచ్చాయి.

పట్టుకునె.
దెబ్బ తగలడానికా, తగలకుండానా?
తిరునాళ్లలో పిల్లాణ్ణి పట్టుకుంటాం.
తూలేవాణ్ణి పట్టుకుంటాం.
కోడిని పట్టుకునే మెడ కోస్తాం.

పీపీ గారు లేచారు:
"కస్టడీలో అడిగితే తేలుతుంది మేడం."
స్టేషనులో ఏది ఎట్లా తేలుతుందో
ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.
అటువైపు మహబూబ్ బాషా గారు:
"బైకు మీద ఆసుపత్రికి తెచ్చింది సుంకన్నే మేడం,
చొక్కా నిండా నెత్తురు."
నెత్తురు రెండు రకాలుగానూ అంటుతుంది.

ఆరేళ్ల కిందట, గుత్తిలో ఉన్నప్పుడు,
ఇలా పట్టుకున్న ఒకడికి రక్షణ ఇచ్చాను.
పంతొమ్మిదో రోజుకి సాక్షులందరికీ చూపు తగ్గింది.
ఇంకొకడికి ఇవ్వలేదు.
యాభై రోజులు లోపలున్నాక తెలిసింది,
వాడు అడ్డం పోయినవాడని.
అప్పటికి వాడి గొర్రెలు సంతలో అమ్ముడుపోయాయి.
ఆ రెండు తప్పుల్లో ఏది తేలికో
తూచే రాళ్లు నాకెవరూ ఇవ్వలేదు.

స్టెనో రమీజా వేళ్లు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి.
ఉత్తర్వు ఇంగ్లీషులో కదా,
"పట్టుకునెకి ఏం కొట్టమంటారు మేడం?"
ఒక ఇంగ్లీషు మాటలో నేరం ఉంది,
ఇంకో మాటలో దయ ఉంది.
రెండూ కాని మాట
ఆ భాషలో నాకు దొరకలేదు.

తెలుగులోనే కొట్టమన్నాను.
ఫాంటు కోసం ఐదు నిమిషాలు వెతికింది.

ఆ తర్వాత త్వరగానే అయిపోయింది.
సుంకన్నకి ఇస్తున్నాను.
ప్రతి ఆదివారం స్టేషనులో సంతకం,
ఇద్దరి జామీను,
ఎర్రిస్వామి మంచం దగ్గరికి పోరాదు,
ఆ తోట దరిదాపుల్లోకి పోరాదు.

సంతకం పెట్టాక గుర్తొచ్చింది,
సుంకన్న గుత్తకు చేసేదీ అక్కడే,
కాపు కోతకొచ్చిన నెల ఇది.
పెన్ను మూత పెట్టలేదు కాసేపు.
ఆ వాక్యం కొట్టేయనూ లేదు.